నడినెత్తి మీది చుక్క

ఆ రోజు పొద్దున స్టోరు గదిలో నేను ఇంకాస్త గట్టిగా పోట్లాడాల్సింది. నా నోటికి జడిసి ఆఫీసులో సగంమంది నేనొస్తున్నానంటే పక్క గదిలోకి తప్పుకుంటారని పేరు. అలాంటిదాన్ని, ఆ రోజు మాత్రం స్టోరుకీపరు చేతిలో ఏం పెడితే అది పుచ్చుకుని వచ్చేశాను.

“మీ జీపీఎస్ రిపేరుకి పోయింది. వారం పడుతుంది. అందాకా ఇది వాడండి” అన్నాడు, అరచేతిలో పట్టేంత పాత యంత్రం ఒకటి బల్ల మీదికి తోస్తూ.

“ఇదెవరిది?”

“ఎవరిదైతేనేం, పని చేస్తుంది. బ్యాటరీలు కూడా కొత్తవి వేశాను.”

వెనక అంటించిన ప్లాస్టరు ముక్క మీద ఎవరిదో పేరు ఉండేది కాబోలు, గోటితో గీకేశారు. ఇంకో మాట అడిగేలోపు బయట జీపులోంచి మా వదిన హారన్ మోగించింది.

మా పని చెట్లు కొలవడం. కాగితం మిల్లు కోసం వరసలు వరసలుగా నాటిన తోపుల్లోకి వెళ్ళి, పటం మీద గుర్తు పెట్టిన చోట తాడుతో ఒక గుండ్రం గీసి, అందులో ఉన్న ప్రతి చెట్టు చుట్టుకొలతా తీసుకోవాలి. నేను టేపు పట్టుకుని అంకె చెబుతాను, వదిన పుస్తకంలో రాస్తుంది. ఆమె మా అన్నయ్య భార్య. నాకంటే ఆరేళ్ళు పెద్ద, బరువులో ఒకటిన్నర రెట్లు. పన్నెండేళ్ళుగా జోడీగా తిరుగుతున్నాం. నేను రోజంతా ఎవరో ఒకరి మీద విసుక్కుంటూ ఉంటాను, ఆమె నవ్వుతూ ఉంటుంది. అలా మా బండి నడిచిపోతోంది.

“స్టోరువాడు మళ్ళీ పాత చెత్తే అంటగట్టాడు” అన్నాను జీపెక్కుతూ.

“పోనీలే అమ్మాయ్. నీ నోరు రిపేరుకి పోలేదుగా, అది చాలు” అంది వదిన.

ఇక్కడ ఆ యంత్రం గురించి రెండు ముక్కలు చెప్పాలి. అందులో నేను చూసేవి రెండే స్క్రీన్లు. మొదటిది శాటిలైట్ల స్క్రీను. ఆకాశాన్ని ఒక గిన్నెలా మన మీద బోర్లించి, దాన్ని పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా ఒక గుండ్రం ఉంటుంది. బయటి గీత అంటే చుట్టూ కనిపించే నేల అంచు. సరిగ్గా మధ్య అంటే మన నడినెత్తి. ఏ శాటిలైటు ఎక్కడుందో అక్కడ దాని నంబరు కనిపిస్తుంది. కింద ఒక్కో నంబరుకి ఒక్కో నిలువు గడి. గడి ఖాళీగా ఉంటే దాని మాట ఇంకా అందలేదని, నల్లగా నిండితే అందిందని. కనీసం నాలుగు గళ్ళు నిండాలి. అప్పుడే మనం ఎక్కడున్నామో యంత్రానికి తెలుస్తుంది. రెండోది దారి చూపే స్క్రీను. అందులో ఒక బాణం, దాని కింద చేరాల్సిన చోటికి ఎన్ని మీటర్లుందో చెప్పే అంకె.

కొత్తగా పనిలో చేరినవాళ్ళకి నేను నేర్పే మొదటి పాఠం ఒకటుంది. నాలుగు గళ్ళు నిండేదాకా, ఉన్న చోటుని రాసుకునే గుర్తు మీట నొక్కకూడదు. తొందరపడి నొక్కితే యంత్రం ‘నాకు తెలియదు’ అనదు. దానికి అది నామోషీ. చివరిసారి తనకి తెలిసిన చోటు ఏదుందో, దాన్నే మాట్లాడకుండా రాసేసుకుంటుంది. ఈ మాట చెప్పి ఎంతమందిని ఏడిపించానో నాకే లెక్క తెలియదు.

తోపు చేరేసరికి పదకొండయింది. పొగమంచు అప్పటికే చెట్ల మొదళ్ళ దాకా దిగింది. అవి సూదుల్లాంటి ఆకులుండే పొడుగాటి చెట్లు. మొదలు నుంచి నాలుగు నిలువుల ఎత్తు దాకా ఒక్క కొమ్మ ఉండదు, ఆ పైన అంతా కమ్ముకుపోయి ఆకాశం కనిపించదు. కింద ఎండిన సూదులు పరుపులా పరుచుకుని ఉంటాయి కాబట్టి అడుగు వేసినా చప్పుడు కాదు. పక్షులు కూడా తక్కువే. వరసలన్నీ ఒకేలా ఉంటాయి, ఎటు చూసినా పొడుగాటి వసారాలో నిలబడినట్టుంటుంది.

ఇరవై నిమిషాలు ఆ యంత్రాన్ని పైకెత్తి, కిందికి దించి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఒక్క గడి నిండలేదు. చెయ్యి లాగింది, మెడ పట్టేసింది. స్టోరువాణ్ణి వాడి తాతముత్తాతలతో సహా తలుచుకున్నాను. చివరికి విసుగొచ్చి స్విచ్చి ఆపేసి సంచిలో పడేశాను. దిక్సూచి పట్టుకుని, టేపు లాక్కుంటూ పాతకాలం పద్ధతిలోనే పటంలో గుర్తున్న ప్లాటు చేరుకున్నాం.

రెండు గంటలకి ఆఖరి చెట్టు కొలుస్తున్నాను. అంకె చెప్పాను. వదిన తిరిగి చెప్పలేదు. తిరిగి చెప్పడం మా పద్ధతి, చెప్పకపోతే రాసుకోలేదని అర్థం.

“ఏంటి, నిద్రపోయావా?” అన్నాను చిరాగ్గా.

వదిన నడుం దాకా నేలలో ఉంది. ఎప్పుడో కొట్టేసిన చెట్టు మొద్దు కుళ్ళిపోయి గొయ్యి అయింది, దాని మీద సూదులు కప్పేశాయి. అందులో ఆమె కాలు దిగబడింది. పైకి లాగితే చీలమండ పక్కకి తిరిగి ఉంది. వదిన అరవలేదు. పుస్తకం మాత్రం గట్టిగా గుండెకి హత్తుకుంది.

ఫోన్లో సిగ్నల్ లేదు. ఆమెని మోయడం నా వల్ల కాదు. కాలికి కట్టడానికి పలకలు, తాడు, దుప్పటి, ఊతానికి కొలకర్ర అన్నీ జీపులోనే ఉన్నాయి. ఐదున్నరకి చీకటి పడుతుంది. బట్టలు అప్పటికే మంచుకి తడిసిపోయాయి, ఆమె పళ్ళు టకటకమంటున్నాయి. ఆ రాత్రి ఆమె అక్కడ ఉండిపోతే తెల్లారేసరికి ఉండదు. ఇందులో దాచేదేం లేదు.

“వెళ్ళిరా అమ్మాయ్. నేనెక్కడికీ పారిపోనులే” అంది వదిన, నవ్వబోయి.

ఆమె మెళ్ళో ఈల ఉంది. నేను మూడుసార్లు ఊదితే ఆమె ఒక్కసారి పొడుగ్గా ఊదాలి, అదీ మా కట్టుబాటు. కానీ మంచులో ఈల ఎటునుంచి వస్తోందో ఆనవాలు దొరకదు, అన్ని వైపుల నుంచీ వచ్చినట్టుంటుంది. అందుకే యంత్రం తీశాను. స్విచ్చి వేసి, గుర్తు మీట నొక్కి, ‘వదిన’ అని పేరు పెట్టి పరిగెత్తాను.

గళ్ళు చూడలేదు. నేను... చూడలేదు.

చెట్ల మధ్య చాళ్ళ వెంట నడుస్తూ అలవాటు కొద్దీ అడుగులు లెక్క పెట్టుకున్నాను. మూడువందల పది. రోడ్డు మీదికొచ్చి ఎడమకి తిరిగి పది నిమిషాలు పరుగులాంటి నడక నడిస్తే జీపు. రోడ్డు మీద ఆకాశం తెరుచుకుంది కదా, చేతిలోని యంత్రం ‘టింగ్’మని మోగింది. గళ్ళు నిండాయి. అప్పుడు దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

సామానంతా వీపున వేసుకుని దారి చూపే స్క్రీను చూశాను. ‘వదిన, 480 మీటర్లు.’ బాణం నేను వచ్చిన వైపు కాకుండా తిన్నగా చెట్లలోకి చూపిస్తోంది. ఒక్క క్షణం ఆగాను. పది నిమిషాలు నడిచానే, ఐదొందలు కూడా లేదా అనుకున్నాను. రోడ్డు వంపు తిరిగింది కాబట్టి అడ్డంగా పోతే దగ్గరేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా కాళ్ళ లెక్కని కాదని, పొద్దున్నించీ తిట్టిన యంత్రాన్ని నమ్మాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

లోపలికి వెళ్ళిన కొద్దీ మంచు చిక్కబడింది. నాలుగు వరసల అవతల ఏముందో తెలియదు. నా ఊపిరి, వీపున పలకల చప్పుడు తప్ప ఇంకేం వినిపించడం లేదు. బాణం ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరగడం మొదలుపెట్టింది. శాటిలైట్లు పోతున్నాయని అర్థమైంది. తిట్టుకుంటూ యంత్రాన్ని తల మీద పెట్టుకుని నడిచాను. మళ్ళీ చూస్తే 300. కాసేపటికి 220. సరే, పని చేస్తోంది కదా అనుకుని మొదటి స్క్రీనుకి మార్చాను.

గళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి.

ఒక్కటి తప్ప. ఆ ఒక్క గడి పై అంచు దాకా నల్లగా నిండి ఉంది. దాని కింద నంబరు లేదు. పైన గుండ్రంలో, నేను నడుస్తున్న వైపు, బయటి గీతని ఆనుకుని ఒక నల్లటి చుక్క ఉంది. దానికీ నంబరు లేదు.

ఒక్క శాటిలైటుతో దూరం చెప్పడం ఏ యంత్రం తరమూ కాదు. ఇది మాత్రం చెబుతూనే ఉంది. 180. 150. రిపేరుకి పంపాల్సింది నా దాన్ని కాదు, దీన్ని అని పైకే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇరవై అడుగులు వేసి మళ్ళీ చూశాను. చుక్క గీతని వదిలి లోపలికి జరిగింది.

శాటిలైట్లు అలా జరగవు. అవి గడియారంలో చిన్న ముల్లులాంటివి, నిలబడి చూస్తే కదలిక కనబడదు. ఇది మాత్రం నేను అడుగు వేస్తే జరుగుతోంది, ఆగితే ఆగుతోంది. పొడుగాటి స్తంభం దగ్గరికి నడుస్తూ ఉంటే దాని కొస ఎలా పైపైకి లేచి, చివరికి నెత్తి మీదికొస్తుందో, సరిగ్గా అలాగే... అంటే అది ఆకాశంలో లేదు. చెట్ల ఎత్తులో ఉంది.

ఈ లెక్క అప్పుడే బుర్రకి తట్టింది. కానీ వదిన అక్కడ చలిలో ఉంది. నేను లెక్కల గురించి ఆలోచించదలుచుకోలేదు.

40 మీటర్లు. 12. 3. సున్నా.

“వదినా.”

ఎవరూ లేరు. గొయ్యి లేదు. ఒక చెట్టు చుట్టూ, దాని పక్క చెట్ల చుట్టూ ఎర్ర రిబ్బన్లు కట్టి ఉన్నాయి, ఎండకి వానకి వెలిసిపోయి. వాటిని చూడగానే ఎక్కడికొచ్చానో తెలిసింది. ఆ రిబ్బన్లు కట్టిన వాళ్ళలో మా అన్నయ్య ఒకడు.

పోయిన ఏడాది విత్తనాల కోసం చెట్లెక్కి కాయలు కోసే మనిషి ఒకాయన ఈ తోపులో తప్పిపోయాడు. అందరూ గింజలాయన అనేవాళ్ళు. నలభైమంది మూడు రోజులు చెట్ల కింద అడుగడుగూ జల్లెడ పట్టారు. ఆయన దొరకలేదు. ఒక చెట్టు మొదట్లో ఆయన జీపీఎస్ మాత్రం దొరికింది. అది దొరికిన చోట ఎర్ర రిబ్బన్లు కట్టామని అన్నయ్య చెప్పాడు.

నా చేతిలో ఉన్నది అదే. దానికి చివరిసారి తెలిసిన చోటు ఇదే. నేను గళ్ళు చూడకుండా మీట నొక్కాను. నా మొదటి పాఠం నేనే మరిచిపోయి, వదిన పేరు తెచ్చి ఈ చెట్టుకి తగిలించాను.

ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. స్టోరువాడి మీద, గీకేసిన పేరు మీద, అన్నిటికంటే నా బొటనవేలి మీద. ఈల నోట్లో పెట్టుకుని మూడుసార్లు ఊదాను.

చాలా దూరం నుంచి, సన్నగా, పొడుగ్గా ఒక్క ఈల. వదిన ఉంది.

అప్పుడు స్క్రీను మీద ఒక సూది ఆకు పడింది. తుడిచాను. ఇంకొకటి పడింది. గాలి లేదు. మంచు కూడా కదలడం లేదు. నా చుట్టూ ఎక్కడా ఆకు రాలడం లేదు, నా మీదే రాలుతోంది. తడిసిన తోలు బెల్టు వాసన వేసింది. పైన ఎక్కడో తాడు బిగుసుకుని సడలిన చప్పుడు... ఒకసారి. మళ్ళీ ఒకసారి.

గుండ్రంలో చుక్క సరిగ్గా మధ్యలో ఉంది.

నేను తల ఎత్తలేదు. జాగ్రత్త కొద్దీ కాదు, మెడ లేవలేదు. అలాగే నేలకేసి చూస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టాను. జీపు దాకా పోవాలి, అక్కడి నుంచి రోడ్డు మీద నేను మొదట బయటికొచ్చిన చోటు చూసుకోవాలి. రోడ్డు మీద గళ్ళు నిండినప్పటి నుంచి నేను నడిచిన దారిని యంత్రం గీతగా గీసి ఉంచుతుంది. ఆ గీత మొదలైన చోటే నేను చెట్లలోంచి బయటపడ్డ చోటు. అక్కడి నుంచి మూడువందల పది అడుగులు. ఈసారి నా కాళ్ళనే నమ్ముతాను.

పరిగెత్తుతూ స్క్రీను చూశాను. చుక్క మధ్య నుంచి జారుతోంది. నేను దూరం పోతున్నాను కాబట్టి అది నా వెనక వైపుకి జారాలి.

అది పక్కకి జారుతోంది. ఇందాక వదిన ఈల వినిపించిన వైపుకి.

ఆగి మళ్ళీ మూడుసార్లు ఊదాను. జవాబు వచ్చింది కానీ మధ్యలో తెగిపోయింది. ఇంకోసారి ఊదాను... లేదు. ఇంకోసారి. ఏమీ లేదు. చుక్క బయటి గీతని తాకి అక్కడే ఉండిపోయింది.

రోడ్డు మీద ఎలా పరిగెత్తానో నాకు గుర్తులేదు. మోకాలు ఒకసారి కొట్టుకుంది. గీత మొదలైన చోట చెట్లలోకి తిరిగి అడుగులు లెక్క పెట్టడం మొదలుపెట్టాను. యాభై దగ్గర లెక్క తప్పింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి మొదలుపెట్టాను. నా అంతటి తొందర మనిషికి అదెంత నరకమో చెప్పలేను. వంద. నూటయాభై. చుక్క గీతని వదిలింది. రెండువందలు. లోపలికొచ్చింది. రెండువందల ఎనభై... వదిన దగ్గరికి పోతున్నానో, దాని దగ్గరికి పోతున్నానో ఇక తేడా లేదు.

మూడువందల ఆరు దగ్గర ఆమె కనిపించింది.

గొయ్యి పక్కనే వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పుస్తకం పక్కన పడి ఉంది. ఈలని పిడికిట్లో పెట్టుకుని, ఆ పిడికిలిని నోటికి అడ్డం పెట్టుకుంది. ఒంటి నిండా సూదులు రాలి ఉన్నాయి.

“వదినా...”

ఆమె నాకేసి తిరగలేదు. పైకి చూస్తూనే, పెదవులు మాత్రం కదిపింది.

“పైకి చూడకు.”

“ఏంటి వదినా?”

“నా కాలు చూడు. కాలే చూడు. కట్టు కట్టు.”

మోకాళ్ళ మీద కూర్చున్నాను. యంత్రం నేల మీద పెట్టాను. స్క్రీను వెలుగుతూనే ఉంది. చుక్క మధ్యలో ఉంది. పలకలు పెట్టి తాడు చుడుతున్నాను. ముడి జారుతోంది, మళ్ళీ వేస్తున్నాను, మళ్ళీ జారుతోంది. విసుగుతో ఏడుపొచ్చింది.

“ఈల ఎందుకు ఆపావు?” అన్నాను గుసగుసగా.

“ఊదితే... ఇటు తిరుగుతున్నాడు.”

నా మెడ మీద ఒక సూది పడింది. ఇంకొకటి పడింది.

“ఎంత ఎత్తులో ఉన్నాడు వదినా?”

ఆమె కళ్ళు నా నెత్తి మీద ఒకే చోట నిలిచి ఉన్నాయి. తరవాత నెమ్మదిగా, రెప్ప వెయ్యకుండా, ఆ చూపు కొంచెం కిందికి దిగింది.

“ఇందాకటంత లేదు” అంది.

ముడి పడింది. ఆమె చంకల కింద చెయ్యి వేసి లేపాను. కొలకర్ర ఒక చేతికిచ్చాను, రెండో చెయ్యి నా భుజం మీద వేసుకున్నాను. వదిన కళ్ళు మూసుకుని మొహం నా భుజంలో దాచుకుంది. నేను నేల చూశాను. ఆ మూడువందల ఆరు అడుగులూ నడవడానికి ముప్పావుగంట పట్టింది. ఒక్కో అడుగుకి ఆమె గొంతులో చిన్న మూలుగు. ఒక్కో అడుగుకి మా మీద సూదులు. మేము ఆగినప్పుడల్లా పైన బెరడు మీద ఏదో ఆగుతున్న చప్పుడు. చెట్టు దిగే మనిషి కాళ్ళు ముందు తగులుతాయి బెరడుకి, ఆ చప్పుడు నాకు తెలుసు. ఇది ముందు చేతులు తగులుతున్నట్టుంది.

రోడ్డు మీద కాలు పెట్టగానే యంత్రం ‘టింగ్’మంది. నంబర్లన్నీ వచ్చాయి, గళ్ళన్నీ నిండాయి. ఏడు శాటిలైట్లు. నంబరు లేని చుక్క బయటి గీత దాకా జారి... మాయమైంది. అప్పుడు ఏడ్చాను, రోడ్డు మధ్యలో కూర్చుని, గట్టిగా.

ఆస్పత్రిలో వదిన కాలికి పిండికట్టు వేశారు. చలికి ఇంకో గంట ఉంటే మాకు పని లేకపోయేది అన్నాడు డాక్టరు. మర్నాడు ఆఫీసులో స్టోరుకీపర్ని బల్ల మీదికి వంగి మరీ కడిగేశాను. వాడు తల దించుకుని, “పారేయడానికి మనసొప్పలేదండీ, బాగానే ఉంది కదా అని ఆరబెట్టాను” అన్నాడు. పైవాళ్ళకి జరిగింది చెప్పాను. చెట్లెక్కేవాళ్ళని పంపండి, మనం అందరం నేల మీదే వెతికాం అన్నాను. పంపారు. ఎర్ర రిబ్బన్ల చెట్టు కొసన, సిగ్నల్ కోసం ఎక్కినట్టుంది, గింజలాయన నడుం బెల్టు కనిపించింది. మాను చుట్టూ బిగించి, కొక్కెం వేసి ఉంది. లోపల మనిషి లేడు. ఆ బెల్టు కొక్కెం తీయకుండా అందులోంచి మనిషి బయటికి రావడం కుదరదని ఎక్కినవాడు రెండుసార్లు చెప్పాడు.

నెల గడిచింది. వదిన ఇంటికొచ్చింది కానీ వదినలా రాలేదు. మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని, ఎప్పుడు చూసినా నేలకేసే చూస్తుంది. అన్నయ్యతో మాట్లాడినా నేలకేసే, నాతో మాట్లాడినా నేలకేసే. తల పైకెత్తదు. పడుకుంటే మొహం మీద తువ్వాలు కప్పుకుంటుంది. నవ్వడం మానేసింది. నేను స్టోరువాడి మీద ఎన్ని జోకులు వేసినా ఊ కొడుతుంది, అంతే. నా తప్పు వల్ల ఆమె ఇలా అయిందన్న బాధ నన్ను లోపల నమిలేస్తోంది. నాకు బాధ కలిగితే అది కోపంగానే బయటికొస్తుంది, అదేం పుట్టుకో.

ఆ రోజు మధ్యాహ్నం అన్నయ్య పనికి వెళ్ళాడు. నేను ఆమెకి భోజనం పెట్టి, కంచం తీసి, చేతులు కడుక్కుని వచ్చి మంచం పక్కన నిలబడ్డాను. కిటికీలోంచి ఎండ గదంతా పరుచుకుని ఉంది.

“వదినా, ఒక్కసారి పైకి చూడు.”

“వద్దమ్మా.”

“ఇక్కడ చెట్లు లేవు. సున్నం కొట్టిన కప్పు, ఒక ఫ్యాను. అంతకంటే ఏం లేదు. నువ్వలా తల దించుకుని కూర్చుంటే నేను చూడలేకపోతున్నాను. నీకు దండం పెడతాను, ఒక్కసారి.”

“అడగకు అమ్మాయ్.”

నాకు ఓపిక నశించింది. వంగి, ఆమె గడ్డం పట్టుకుని, మెల్లిగానే, పైకెత్తాను. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. “నేనున్నాను కదా” అన్నాను. చాలాసేపటికి తెరిచింది.

కప్పు చూసింది. ఫ్యాను చూసింది. నాలుగు మూలలూ ఒక్కొక్కటే చూసింది. ఆమె మొహంలో నెల రోజులుగా బిగుసుకుని ఉన్నదేదో సడలడం నా కళ్ళతో చూశాను.

“పైన లేడు” అంది.

“చెప్పానా” అన్నాను. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి. “నెల రోజులు నన్ను చంపావు కదా వదినా.”

ఆమె కూడా నవ్వబోయింది. తల దించి, నెలలో మొదటిసారి నా మొహంలోకి చూసింది. తరవాత ఆ చూపు నా మొహం మీంచి పక్కకి, కాస్త కిందికి, మంచం కాళ్ళ వైపుకి జరిగింది. నవ్వు అక్కడే ఆగింది.

వదిన పిండికట్టు వేసిన కాలిని రెండు చేతులతో పట్టుకుని, నొప్పికి పెదవి కొరుక్కుంటూ, నెమ్మదిగా తన వైపుకి జరుపుకుంది. మంచం చివర ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీ చేసింది.

నేను నిలబడే ఉన్నాను.